లా రొషెల్ పాత రేవులోకి తెరచాప పడవ మీద, తాళ్ళరేవు బాబాయితో

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను, తిరిగొచ్చాక యానాంలో ఎదురైన ప్రతివాళ్ళూ మొదట అడిగింది అదే. ఫ్రాన్స్ పడమటి తీరంలో, అట్లాంటిక్ ఒడ్డున, లా రొషెల్ అని ఒక పాత రేవు పట్నం ఉంది. అక్కడ ఒక తెరచాప యాట్‌ని, నడిపే స్కిప్పర్‌తో సహా, రెండు పగళ్ళు రెండు రాత్రులకి అద్దెకి తీసుకున్నాం. నలుగురం పంచుకుంటే మనిషికి 300 యూరోలు దాటింది, అందులో తిండి లేదు. మన డబ్బుల్లో చాలా ఎక్కువే. పైగా పారిస్ నుంచి ఆ ఊరికి నేరుగా రైలుంది, మూడు గంటల్లో దింపేస్తుంది, స్టేషన్ నుంచి పాత రేవు నడిచెళ్ళే దూరమే. ఊరు చూడటమే పనైతే పడవ అక్కర్లేదు. అయినా నేను పడవలోనే వెళ్ళమంటాను, ఆ మాట అనడానికి ఎందుకు ధైర్యం వచ్చిందో, ఎక్కడెక్కడ ఒళ్ళు మండిందో రెండూ రాస్తాను.

వెళ్ళింది నేను, అక్క, బావ, బాబాయి. బావ వాళ్ళది యానామే. 1954లో యానాం ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి వచ్చేసినా, కాగితాల మీద విలీనం పూర్తయింది 1962లో, అప్పుడు కోరుకున్నవాళ్ళు ఆరు నెలల్లోపల ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవచ్చన్నారు, బావ వాళ్ళ తాతగారు ఎంచుకున్నారు. మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, తాళ్ళరేవు దగ్గర ఉప్పుటేటి గట్టు మీద నలభై ఏళ్ళుగా చెక్క నావలు కడుతున్న మేస్త్రి. తాళ్ళరేవు, కోరింగ చుట్టుపక్కల చెక్క ఓడలు కట్టేవాళ్ళన్న పేరు ఇవాళ్టిది కాదు. ఆయన జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది ఈ ప్రయాణానికే. అక్క రమ్మంటే "ఊళ్ళు చూడ్డానికైతే నాకెందుకమ్మా అంత ఖర్చు, పడవలుంటే వస్తాను" అన్నాడు. అందుకే యాట్ సంగతి వెతికాం.

బుకింగ్ నుంచే చిరాకు మొదలైంది. ఆ అద్దె సంస్థ పేరు రాయడం లేదు. మెయిల్లో "మొదటిరోజు ఉదయం 9కి బయల్దేరడం" అని స్పష్టంగా రాశారు. మేం ఎనిమిదిన్నరకే సామాన్లతో రేవులో నిలబడ్డాం, జూన్ నెలైనా చలిగాలి, బాబాయి మఫ్లర్ చెవులకి చుట్టుకుని కూచున్నాడు. పదకొండైనా కదల్లేదు. ముందురోజు అద్దెకి తీసుకున్నవాళ్ళు పడవని ఆలస్యంగా అప్పగించారట, కడగాలట, డీజిల్ పోయాలట. ఆ మాట మాకు ఫోన్లో చెప్పొచ్చు కదా! ఇక ధరావతు పేరుతో బావ కార్డు మీద పెద్ద మొత్తమే పట్టి ఉంచారు, పడవకి గీత కూడా పడకుండా తిరిగిచ్చినా అది విడుదలవ్వడానికి మూడు వారాలు పట్టింది, రెండుసార్లు ఫోన్ చేశాకే కదిలింది. కాబట్టి మీలో ఎవరైనా వెళ్తే ధరావతు ఎప్పటికి వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. బయల్దేరే వేళ సంగతి కూడా ముందురోజు సాయంత్రం మీరే ఫోన్ చేసి అడగండి.

మినీమ్ అని ఊరికి దక్షిణంగా ఉన్న యాట్ల రేవు నుంచి ఎక్కుతాం. వేల పడవలు కట్టే చోటు అది, అట్లాంటిక్ తీరంలో ఉన్న అతి పెద్ద యాట్ల రేవుల్లో ఒకటి, 1970లలో కట్టారు. కొయ్యల్లా నిలబడ్డ తెరచాప స్తంభాలు చూస్తే కొబ్బరితోటకి మట్టలన్నీ కొట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మా పడవ పదకొండు మీటర్లు, ఫైబర్‌ది, మూడు చిన్న గదులు, ఒక బాత్రూం, మధ్యలో బల్ల, వంటగట్టు. వంటపొయ్యి నాకు భలే నచ్చింది, రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడుతుంది, పడవ ఎటు వాలినా పొయ్యి మాత్రం మట్టంగానే ఉంటుంది, పప్పు గిన్నె ఒలకలేదు. గదులు ఇరుకు, పొడుగువాళ్ళకి కాళ్ళు చాచుకోవడం కష్టం. బాత్రూంలో చేతిపంపు కొట్టి నీళ్ళు లాగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి లోపలికి దిగే నిచ్చెనమెట్లు నిజంగా ఇబ్బందే, బాబాయికి అలవాటు కాబట్టి సరిపోయింది.

బాబాయి ఎక్కగానే చేసిన పని, చేత్తో అంచంతా తడుముకుంటూ ఒక చుట్టు తిరగడం. ఆయనకి ఫైబర్ నచ్చలేదు, "అతుకు కనపడకపోతే ఎక్కడ చెడిందో ఎలా తెలుస్తుంది" అన్నాడు. మన నావల్లో చెక్కల సందుల్లో పత్తి కూరి గుగ్గిలం పట్టిస్తారు, ఏడాదికోసారి పైకి లాగి ఏ సందు వదులైందో చూసుకుంటారు, ఆయన చూపు ఆ చూపు. కానీ పడవ అడుగున చేపరెక్కలా కిందికి దిగే బరువుంటుందనీ, అదే గాలికి పడవని పడిపోకుండా ఆపుతుందనీ స్కిప్పర్ బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు ఆ కాగితం వదల్లేదు. ఆ కాగితం ఇప్పుడు తాళ్ళరేవులో ఆయన పెట్టెలో ఉంది.

స్కిప్పర్ ఒక అమ్మాయి, ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. మన లాంచీల మీద నడిపేవాణ్ణి సరంగు అంటాం కదా, బాబాయి ఆమెని మొదటిరోజు సాయంత్రానికే సరంగమ్మ చేసేశాడు, బావ అర్థం చెప్తే ఆమె ఆ పేరుకే పలికింది. ఈ సర్వీసులో నేను పూర్తి మార్కులు వేసేది ఆమెకే. కట్లు విప్పేముందు అరగంట సేపు ఒక్కొక్కరినీ కూచోబెట్టి లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలి, నీళ్ళలో పడితే అది దానంతటది ఎలా ఉబ్బుతుంది, ఎవరైనా పడితే మిగిలినవాళ్ళలో ఒకరు వేలు చూపిస్తూ కళ్ళు తిప్పకుండా ఆ మనిషినే ఎందుకు చూడాలి, తెరచాప కింది అడ్డకర్ర ఇటు నుంచి అటు తిరిగేటప్పుడు తల ఎందుకు వంచాలి, అన్నీ చెప్పి, మళ్ళీ మాచేత చెప్పించుకుంది. అక్కకి జాకెట్ నడుం పట్టీ వదులుగా ఉందని రెండుసార్లు బిగించింది.

ఇది రాస్తుంటే నాకు వేరే సంగతి గుర్తొచ్చి బాధేస్తుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదాట్లో యాత్రికుల పడవ మునిగి ఎంతమంది పోయారో ఈ డెల్టాలో ఎవరూ మర్చిపోలేదు. ఆ తర్వాత కూడా నేను మన దగ్గర ఎక్కిన ఒక పడవలో జాకెట్లన్నీ తాడుతో మూటగట్టి కప్పుకి వేలాడదీసి ఉన్నాయి, అడిగితే "నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి కదమ్మా, ఏం భయం" అన్నారు. మన సరంగులకి నీటి తెలివి ఎవరికీ తక్కువ కాదు. కావలసింది ఆ అరగంట. ప్రతి ఎక్కుడుకీ, ప్రతి మనిషికీ.

మొదటిరోజు ఎక్కువ దూరం పోలేదు. బయటికొచ్చి ఉత్తరంగా తిరిగితే రే దీవిని నేలకి కలిపే వంతెన వస్తుంది, 1988లో తెరిచారు, దాదాపు మూడు కిలోమీటర్ల పొడుగు, దాని కిందనుంచి తెరచాపతోనే దూరాం. పైన లారీలు పోతున్న చప్పుడు, కింద మనం చప్పుడు లేకుండా. ఎదురులంక వంతెన లేనప్పుడు యానాం నుంచి గౌతమి దాటాలంటే పంటు మీదే కదా, ఆ పంటు మీద నుంచి చూసిన గోదారీ, ఇప్పుడు వంతెన మీద బస్సులోంచి చూసే గోదారీ ఒకటేనా? అలాంటి తేడా ఇక్కడా అనిపించింది.

సాయంత్రానికి ఆ దీవి ఉత్తరపు ఒడ్డున సాన్ మార్తాన్ అనే చిన్న ఊళ్ళో కట్టేశాం. ఊరంతా నక్షత్రం ఆకారపు కోటగోడ, పదిహేడో శతాబ్దంలో వొబాన్ అనే ఇంజనీరు వేసింది, 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నాకు గుర్తుండిపోయింది కోటలోని జైలు. ఫ్రాన్స్ నుంచి దక్షిణ అమెరికాలోని గయానాకి పంపే ఖైదీల్ని ఓడెక్కించింది ఇక్కణ్ణుంచే, 1938 దాకా. ఐస్‌క్రీం తింటూ అందరూ కూచునే అదే గట్టు మీద వాళ్ళు వరసగా నడిచి వెళ్ళారు. దీవిలో ఉప్పు మడులు కూడా ఉన్నాయి. ఎండిన ఉప్పుని కుప్పలు పెట్టిన తీరు చూసి బాబాయి "మన పెనుగుదురు మడుల్లాగే" అన్నాడు. ఇంకో రోజు ఉండి ఉంటే బాగుండేది.

రెండోరోజు తెల్లారి ఆరున్నరకే లేపేసింది సరంగమ్మ. కారణం పోటూ పాటూ. మన దగ్గర కాకినాడలోనైనా మొగ దగ్గరైనా పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. అక్కడ పౌర్ణమి, అమావాస్యల రోజుల్లో ఐదు మీటర్లు దాటుతుంది, అంటే డాబా ఇల్లు దాటి నీళ్ళు లేచి పడిపోతాయన్నమాట, అదీ రోజుకి రెండుసార్లు. అందుకని లోపలి రేవుకి గేటు పెట్టి నీళ్ళు ఆపుతారు, గేటు పోటు నిండే వేళకి అటూ ఇటూ కొన్ని గంటలే తెరుచుకుంటుంది, ఆ వేళ దాటితే మళ్ళీ పోటు దాకా లోపలే. ఈ సంగతి మెయిల్లో ఎక్కడా లేదు. ప్రయాణం మొత్తం గడియారం మీద కాదు, చంద్రుడి మీద నడుస్తుందని ముందే చెప్తే మేం ఆ ప్రకారం నిద్రపోయేవాళ్ళం. బాబాయి ఒక్కడే నాలుగున్నరకే లేచి గట్టు మీద నిలబడి నీళ్ళు చూస్తున్నాడు. "పౌర్ణమి నిన్న కదా, తెల్లారి పోటు ఉంటుందని తెలియదా" అన్నాడు, నేను అడిగినందుకే ఆశ్చర్యంగా చూసి.

ఆ పగలంతా బయట సముద్రంలో. ఫోర్ బొయార్ అని నీళ్ళ మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో రాతి కోట ఉంది, నెపోలియన్ కాలంలో మొదలెట్టి 1857కి గానీ పూర్తిచెయ్యలేకపోయారు, అప్పటికి ఫిరంగులు ఎంత దూరం పేల్చగలిగాయంటే ఇక దాని అవసరమే లేకుండా పోయింది. టీవీ ఆటల పోటీ వల్ల ఫ్రాన్స్‌లో పిల్లలందరికీ తెలుసు. లోపలికి వెళ్ళనివ్వరు, చుట్టూ తిరగడమే. అక్కడే అలలు పెరిగి అక్కకి వాంతులయ్యాయి. సరంగమ్మ అక్కని చుక్కాని దగ్గర కూచోబెట్టి దూరంగా ఒడ్డు గీతనే చూడమంది, బాబాయి జేబులోంచి శొంఠి ముక్క తీసిచ్చాడు, రెంటిలో ఏది పనిచేసిందో గానీ గంటకి తేరుకుంది. పక్కనే ఎక్స్ దీవి, 1815 జులైలో నెపోలియన్ ఫ్రాన్స్ నేల మీద గడిపిన చివరి రోజులు అక్కడివే. మధ్యాహ్నం పులిహోర, చల్ల మిరపకాయలు. సరంగమ్మ మిరపకాయ కొరికి నీళ్ళు తాగకుండా ఓర్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి, లా రొషెల్‌లోకి దూరడం. దీనికోసమే నేను మనిషికి 300 యూరోలు ఇమ్మంటున్నాను.

సాయంత్రం ఐదు దాటింది, పోటు ఎక్కుతోంది, గాలి వెనకనుంచి. ముందు నీళ్ళలో ఒంటరిగా ఒక ఎర్ర స్తంభం కనిపించింది, దాని పేరు రిషెల్యూ స్తంభం. చూడటానికి మామూలు గుర్తు స్తంభమే. కానీ అది నిలబడ్డ చోట 1627లో ఈ ఊరి గొంతు నులిమారు. ఊరు ప్రొటెస్టంట్లది, రాజు కాథలిక్కు, రాజుగారి మంత్రి రిషెల్యూ ఊరిని ముట్టడించి, సముద్రం మీదుగా తిండి రాకుండా అఖాతానికి అడ్డంగా కిలోమీటరున్నర పొడుగు కట్ట కట్టించాడు, రాళ్ళు నింపిన ఓడల్ని ముంచి మరీ. ఇంగ్లీషువాళ్ళ ఓడలు సాయానికొచ్చి కూడా దాన్ని దాటలేకపోయాయి. 1628 అక్టోబరు చివర్లో ఊరు లొంగిపోయేసరికి, పాతిక వేలకి పైగా ఉన్న జనంలో మిగిలింది ఐదు వేల చిల్లర. పాటు బాగా తీసినప్పుడు ఆ కట్ట రాళ్ళు ఇప్పటికీ బయటపడతాయట, మేం వచ్చింది పోటు మీద కాబట్టి ఆ రాళ్ళ మీదుగానే వచ్చాం. రైలు దిగినవాడికి ఈ స్తంభం కనపడదు, చదువుకుంటే తెలుస్తుందంతే. నీళ్ళ మీద వస్తుంటే ఆ అఖాతం ఎంత ఇరుకో, ఊరివాళ్ళు గోడల మీద నిలబడి ఎంత దగ్గరనుంచి ఆ సాయం ఓడల్ని చూస్తూ ఆకలికి చచ్చిపోయారో ఒంటికి తెలుస్తుంది.

ఆ తర్వాత కాలువ. రెండు పక్కలా బురద తిన్నెలే, తవ్విన దారిలోనే పోవాలి. ఊళ్ళో రెండు దీపస్తంభాలున్నాయి, ఒకదాని గుర్తు ఎరుపు, ఇంకోదానిది ఆకుపచ్చ, రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా వరసలోకి వచ్చేట్టు పట్టుకుని వస్తే కాలువ మధ్యలో ఉన్నట్టు. బావ ఇది ఇంకా తెలుగులోకి చెప్పి ముగించలేదు, బాబాయి అందుకున్నాడు. "ఆయ్, తెలుసండి అల్లుడు గారూ, మొగలోకి దూరేటప్పుడు మేమూ అంతే, తాటిచెట్టునీ గుడి గోపురాన్నీ వరసలో పెట్టుకుంటాం." సరంగమ్మ అది విని చుక్కాని ఆయన చేతికిచ్చింది. ఓ ఐదు నిమిషాలు. ఆమె చెయ్యి కూడా పక్కనే ఉంది. కానీ ఆ ఐదు నిమిషాలు పడవ ఆ గీత మీదనుంచి చెదరలేదు.

ముందు రెండు బురుజులు. కుడి చేతి వైపు పెద్దది సెయింట్ నికోలస్ బురుజు, ఎడమవైపు చిన్నది గొలుసు బురుజు, రెండూ పద్నాలుగో శతాబ్దంలోవి. రాత్రిళ్ళు ఈ రెంటి మధ్యా ఇనపగొలుసు లాగి రేవు మూసేవాళ్ళు. కాస్త అవతల దీపం బురుజు, కోసుగా, డెబ్బై మీటర్ల ఎత్తు. పెద్ద బురుజుని బురదలో దింపిన ఓక్ దుంగల మీద కట్టారు, బరువుకి ఒక పక్కకి ఒరిగింది, కాస్త పరీక్షగా చూస్తే కంటికే తెలుస్తుంది. బాబాయి లేచి ముందుకెళ్ళి తాడు పట్టుకుని నిలబడ్డాడు. లంకల్లో ఇల్లు కట్టుకున్నవాడికి మెత్తటి నేల సంగతి చెప్పాలా? "ఆరొందల ఏళ్ళు ఒరిగే నిలబడింది తల్లీ" అని మాత్రం అన్నాడు. బురుజుల మధ్య నుంచి దూరుతుంటే రెండువైపులా రాయి చాలా దగ్గరగా వస్తుంది, గాలి ఒక్కసారి ఆగిపోతుంది, అప్పటిదాకా ఉన్న సముద్రం చప్పుడు పోయి హోటళ్ళ దగ్గర జనం మాటలు వినపడతాయి. ఊరంతా రేవుకి ఎదురుగా తిరిగి కూచుని ఉంది. ఇళ్ళూ అరుగులూ గంట స్తంభం అన్నీ వచ్చే పడవ వైపే చూస్తున్నాయి. ఈ ఊరి ముఖం అది, రైల్లో వస్తే వీపు వైపునుంచి వచ్చినట్టే.

రాత్రి గేటు లోపలి రేవులో పడవలోనే పడుకున్నాం. కుర్రకారు అర్ధరాత్రి దాకా గట్టు మీద పాటలు పాడుతూనే ఉంటారు, నిద్ర తేలిక ఉన్నవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోవాలి. సరంగమ్మ మర్నాడు పొద్దున్నే మమ్మల్ని దింపి పడవని తనే మినీమ్‌కి తీసుకెళ్ళిపోయింది. మేం రెండ్రోజులు ఊళ్ళో ఉన్నాం.

ఊళ్ళో చూసినవాటిలో కొన్ని మాత్రమే చెప్తాను. మూడు బురుజులకీ కలిపి ఒకటే టికెట్టు. దీపం బురుజు గోడల మీద పాత కాలంలో బంధించిన నావికులు గోళ్ళతోనో మేకుల్తోనో చెక్కిన ఓడల బొమ్మలు, పేర్లు వందల్లో ఉన్నాయి, ఇంగ్లీషువాళ్ళవీ డచ్చివాళ్ళవీ స్పెయిన్‌వాళ్ళవీ. బాబాయి ఒక ఓడ బొమ్మ దగ్గర ఆగి తెరచాపలు లెక్కపెట్టి "గీసినవాడు దాని మీద పనిచేసినవాడే" అన్నాడు. ఎస్కాల్ అనే సందులో నేల మీద పరిచిన రాళ్ళు కెనడావి. అట్నుంచి ఖాళీగా వచ్చే ఓడలు తేలిపోకుండా అడుగున వేసుకొచ్చిన బరువు రాళ్ళు, ఇక్కడ దింపేసి వీధి పరిచేశారు.

కొత్త ప్రపంచం మ్యూజియం గురించి మాత్రం కాస్త ఎక్కువే రాయాలి. ఫ్లరియో అనే వ్యాపార కుటుంబం ఉన్న పెద్ద భవనం అది, ఇప్పుడు నగర మ్యూజియం. ఆ కుటుంబానికి సాన్ డొమాంగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, చెరకు తోటలుండేవి, తోటల్లో బానిసలు. లా రొషెల్ నుంచి 400కి పైగా ఓడలు ఆఫ్రికా వెళ్ళి మనుషుల్ని కొని అట్లాంటిక్ దాటించాయి, ఫ్రాన్స్‌లో బానిసల వ్యాపారం ఎక్కువగా చేసిన రేవుల్లో ఇదొకటి. ఆ మనుషుల్ని దేనితో కొన్నారు? చాలావరకు గుడ్డతో. ఇండియా నుంచి వచ్చిన నూలు గుడ్డ, అద్దకం గుడ్డ, వాళ్ళు ఇండియెన్ అనేవాళ్ళు. ఆ గుడ్డల్లో కోరమాండల్ తీరానివి చాలా ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాంలో దిగింది గుడ్డల కోసమే, పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ కొట్టు పెట్టిందీ గుడ్డల కోసమే, నరసాపురం దగ్గర మాధవాయిపాలెం పేరు మీద ఒక రకం గుడ్డకి మదాపొలం అని యూరపులో పేరే పడింది. మా అమ్మమ్మది బండారులంక, మగ్గం ఇల్లు. ఆ గది మధ్యలో నిలబడి నాకు ఆమె చేతులే గుర్తొచ్చాయి. నేసినవాడికి తను నేసిన తాను ఎక్కడికి పోయి దేనికి బదులు వెళ్తుందో తెలిసే దారి లేదు. పెరట్లో తూసాఁ లువెర్చూర్ విగ్రహం ఉంది, హైతీలో బానిసల తిరుగుబాటుకి నాయకుడు, సెనెగల్ శిల్పి ఉస్మాన్ సో చేసింది, 2015లో పెట్టారు. అక్క, నేను ఆ విగ్రహం దగ్గర చాలాసేపు మాట్లాడకుండా కూచున్నాం.

యాట్ సంస్థ ఇచ్చిన రంగుల కాగితంలో బురుజులున్నాయి, ముట్టడి ఉంది, ఆల్చిప్పల హోటళ్ళున్నాయి, బానిసల సంగతి ఒక్క ముక్క లేదు. ఇది నా పెద్ద ఫిర్యాదు. ఆ బురుజుల మధ్యనుంచి బయటికెళ్ళిన ఓడలు ఏం చెయ్యడానికి వెళ్ళాయో చెప్పకుండా ఆ బురుజుల మధ్యనుంచి మమ్మల్ని లోపలికి తేవడం సగం పనే. వెళ్ళేవాళ్ళు ఈ మ్యూజియం తప్పకుండా చూడండి, వీలైతే బురుజులకంటే ముందే.

తిండి విషయానికొస్తే, మూక్లాద్ అని నల్ల ఆల్చిప్పల కూర, మీగడలో వండుతారు, అందులో చిటికెడు కూరపొడి వేస్తారు, అదీ మసాలా ఓడలు ఈ రేవుకి రావడం వల్ల పడిన అలవాటే అంటారు. పసుపు రంగు చూసి బాబాయి నమ్మకంగా కూచున్నాడు గానీ రెండు తిని "ఉప్పూ కారం తర్వాత వేస్తారా" అని అడిగాడు. నాకు నచ్చింది. పులస తిన్న నాలుకకి పోల్చిచూడమనకండి, అది వేరే లెక్క.

ఆఖరి రోజు మధ్యాహ్నం బాబాయి ఒక మాట అడిగాడు, "ఇంత మంచి రేవులో సరుకు ఓడ ఒక్కటీ లేదేం?" బావ చెప్పాడు. పెద్ద ఓడలకి ఈ బురద కాలువ లోతు చాలక 1890లో ఐదారు కిలోమీటర్ల అవతల లా పాలిస్ దగ్గర లోతు రేవు కట్టారు, సరుకంతా అటు పోయింది. పాత రేవుకి యాట్లు, పడవలు మిగిలాయి. ఇప్పటికీ చలికాలం వస్తే మినీమ్‌లో బురద తోడుతూనే ఉంటారు. బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. మన కోరింగ సంగతీ అదే కదా, బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అని పిలిచేంత పేరున్న రేవు, 1789లో ఒక తుపాను, 1839లో ఇంకో తుపాను, పైన గోదారి తెచ్చిపోసిన ఒండ్రు, సరుకు కాకినాడకి పోయింది. కాకపోతే మనకి బురుజు మిగల్లేదు, గొలుసు మిగల్లేదు. మడ అడవీ, చెక్క బాట మీద ఫొటోలు దిగే జనమూ ఉన్నారు. అక్కడ పెద్ద ఓడలు ఆగేవని ఆ చెక్క బాట మీద నడిచేవాడికి ఎవరు చెప్తున్నారు? యానాం నుంచి గౌతమి మీదుగా, పోటు చూసుకుని, పాత కోరింగ రేవు దాకా ఒక పూట పడవలో తీసుకెళ్ళి చూపించే సర్వీసు ఉంటే నేను డబ్బులిచ్చి ఎక్కుతాను, ఇంత ఖర్చుపెట్టి అంత దూరం వెళ్ళొచ్చిన దాన్ని కాబట్టి గట్టిగానే చెప్తున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. జూన్‌లోనైనా గాలి ఆపే కోటు కావాలి, చీరలు, పంచెలు పడవ మీద పనికిరావు, తెల్ల అడుగున్న మెత్తటి బూట్లే వేసుకోనిస్తారు. చక్రాల సూట్‌కేసు వద్దు, పెట్టడానికి చోటుండదు, గుడ్డ సంచీలు తీసుకెళ్ళండి. బియ్యం, పప్పు, పచ్చళ్ళు ముందే కొనుక్కుని ఎక్కండి. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు ఫోర్ బొయార్ రోజు మానేసి రే దీవి దాకానే పెట్టుకోండి. డబ్బులు అంత పెట్టలేనివాళ్ళు నిరాశపడక్కర్లేదు, మినీమ్ నుంచి పాత రేవుకి బస్సులా తిరిగే చిన్న పడవ ఒకటుంది, ఇరవై నిమిషాల్లో ఆ బురుజుల మధ్యనుంచే లోపలికి తీసుకొస్తుంది, టికెట్టు కొన్ని యూరోలే. ఏదీ కుదరకపోతే కనీసం అదైనా ఎక్కండి, పోటు నిండుగా ఉన్న సాయంత్రం ఎక్కండి, ముందు వైపు కూచోండి.